హోటలు భోజనము – మన ఆరోగ్యము

పూటకూళ్ళ ఇల్లు తెలుగుదేశమునకు క్రొత్తది కాదు. కాకతీయుల నాటి ఓరుగల్లును వర్ణించిన క్రీడాభిరామములో ఒక రూక చెల్లించి కడుపునిండ భుజించే పూటకూళ్ళ ఇంటి ముచ్చట ఉన్నది. ఆ విస్తరిలో అన్నము, పిండివంట, పప్పు, నెయ్యి, పండ్లు, నంజుళ్ళు, పెరుగు అన్నీ ఉన్నవి. అంత భోజనము చేసి ఆ బాటసారులు ఏమైనారని అడిగేవారు లేరు. కాలినడకన వచ్చినవారు మరల కాలినడకన పోయేవారు. ఆ ఆకలి నడక వలన వచ్చిన ఆకలి. నేడు నంద్యాల బస్టాండులో దిగే ప్రయాణికుడు కూర్చుని వచ్చినాడు, కూర్చుని తింటాడు, తిరిగి కూర్చునే పోతాడు. విస్తరి మాత్రము ఆనాటి నడకకు తగినట్లే ఉన్నది. నేటి ప్రసంగములో నేను చెప్పదలచినదంతా ఈ ఒక్క వ్యత్యాసమును గురించియే.

నంద్యాలలో హోటలు మీద ఆధారపడి బ్రతికేవారు ఎందరున్నారో గమనించండి. బ్యాంకు ఉద్యోగ పరీక్షలకు శిక్షణ పొందుటకై ఇతర జిల్లాల నుండి యువతీయువకులు వచ్చి, గదులు అద్దెకు తీసుకొని, నెలల తరబడి మెస్సులలో భోజనము చేస్తారు. 2022 ఏప్రిల్ 4వ తేదీన నంద్యాల జిల్లా కేంద్రమైనది. కచేరీ పని మీద పల్లెల నుండి వచ్చినవారు మధ్యాహ్నమునకు ఇంటికి చేరలేరు కదా! 2023లో ఇక్కడ ప్రభుత్వ వైద్య కళాశాల ఆరంభమైనది. ఆస్పత్రిలో రోగి మంచము వద్ద కాచుకొని ఉండే బంధువులకు పక్క వీధిలోని హోటలే వంటిల్లు. ఇక ఆళ్ళగడ్డ, కర్నూలు నుండి నంద్యాల మీదుగా కడపకు పోయే 40వ నంబరు జాతీయ రహదారి మీది ఊరు. అహోబిల యాత్రికులు అక్కడ ఆగి, ఏదో ఒకటి తిని, నల్లమల వైపు మళ్ళుతారు. అదే ఊరిలో ఉలి, సుత్తి పట్టి రాతిని దేవతామూర్తులుగా చెక్కే శిల్పులు ఉన్నారు.

ఇప్పుడు ఇద్దరు మనుషులను మనస్సులో నిలుపుకొనండి. ఒకరు నంద్యాల గదిలో పుస్తకము ముందు పది గంటలు కూర్చునే అభ్యర్థి. మరొకరు ఆళ్ళగడ్డలో బండను కదిలించి, ఎండలో నిలిచి చెక్కే శిల్పి. ఇద్దరూ మధ్యాహ్నము ఒకే విధమైన ఫుల్ మీల్స్ టిక్కెట్టు కొంటారు. ఇద్దరికీ ఒకే గరిటెతో, ఒకే లెక్కగా వడ్డన జరుగుతుంది. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2020లో వెలువరించిన ప్రమాణముల ప్రకారము, కూర్చుని పనిచేసే పురుషునకు రోజుకు 2110 కిలోకేలరీల శక్తి చాలును. కఠిన శ్రమ చేసే పురుషునకు 3470 కావలెను. స్త్రీల విషయములో ఈ అంకెలు 1660, 2720. అనగా ఒకరికి సరిపోయే విస్తరి మరొకరికి ఒకటిన్నర రెట్లకు పైబడిన భారము. రాతిపనిలో యంత్రములు ప్రవేశించిన తరువాత శిల్పి శ్రమ కూడ కొంత తగ్గి ఉండవచ్చును, అది వేరు మాట. హోటలు గరిటెకు ఎవరి శ్రమ ఎంతో తెలియదు. ఆ లెక్క తినేవాడే చూచుకొనవలెను.

ఈ లెక్క తప్పినందువలన కలిగే నష్టము చిన్నది కాదు. భారత వైద్య పరిశోధనా మండలి వారి విస్తృత సర్వే ఫలితములు 2023లో వెలువడినవి. దేశములోని వయోజనులలో 11.4 శాతము మందికి మధుమేహము, 35.5 శాతము మందికి రక్తపు పోటు ఉన్నట్లు తేలినది. మన దేశపు వ్యాధి భారములో 56.4 శాతమునకు అనుచితమైన ఆహారమే కారణమని జాతీయ పోషకాహార సంస్థ 2024 నాటి తన మార్గదర్శక గ్రంథములో అంచనా వేసినది. ఇందులో హోటలు పాలు ఎంత, ఇంటి పాలు ఎంత అని విడదీయుట సాధ్యము కాదు. హోటలు యజమానులను నిందించుట నా ఉద్దేశమూ కాదు. వచ్చినవారు అడిగినది వండి పెట్టుట వారి వృత్తి. అడిగే విధమును గురించియే మనము ఆలోచించవలెను.

మొదట మధ్యాహ్న భోజనము సంగతి చూద్దాము. మన భోజన విధానమునకు అన్నము మూలము. పప్పుకు కొంత అన్నము, సాంబారుకు కొంత, చారుకు కొంత, పెరుగుకు కొంత. ఒక్కొక్క ఆధరువు వచ్చినప్పుడల్లా కొంత క్రొత్త అన్నము విస్తరిలో పడుతుంది. ఎవరూ ఒక్కసారిగా నాలుగు మార్ల అన్నము తినవలెనని సంకల్పించుకొని కూర్చుండరు. వరుస ఆ విధముగా తీసుకొని పోతుంది. వండిన అన్నము 100 గ్రాములలో సుమారు 130 కిలోకేలరీలు ఉంటవి. నాలుగు మార్లు కలిపి 600 గ్రాములు తిన్నారనుకొనండి. అన్నము వలననే 780 కిలోకేలరీలు లోనికి పోయినవి. కూర్చుని పనిచేసే పురుషునకు ఒక రోజుకు కావలసిన శక్తిలో మూడవ వంతు దాటినది. అప్పడము, వేపుడు, నెయ్యి, చివరి మిఠాయి ఇంకను లెక్కలోనికి రాలేదు. మరి కూర? అది చిన్న గిన్నెలో, రెండు ముద్దలకు సరిపడా ఉంటుంది.

పోషకాహార సంస్థ 2000 కిలోకేలరీలకు చూపిన నమూనా పళ్ళెము ఇందుకు తలక్రిందులుగా ఉన్నది. రోజు మొత్తమునకు ధాన్యములు 250 గ్రాములు, పప్పుదినుసులు 85 గ్రాములు, ఆకుకూరలతో కలిపి కూరగాయలు 400 గ్రాములు, పండ్లు 100 గ్రాములు, పాలు 300 మిల్లీలీటర్లు, గింజలు 35 గ్రాములు, నూనె 27 గ్రాములు. ధాన్యములు వండక ముందటి తూకమని గుర్తుంచుకొనవలెను. ధాన్యము కంటె కూరగాయల తూకమే అధికమన్నమాట! నంద్యాలలో గాని, మరి ఎక్కడ గాని, ఈ నిష్పత్తిలో వడ్డించే హోటలు దొరకుట కష్టము. బియ్యము కంటె కూరగాయలకు ఖర్చు ఎక్కువ, తరిగే చాకిరి ఎక్కువ. కనుక ఆ పళ్ళెమును యథాతథముగా ఆశించక, ఉన్న విస్తరినే దాని వైపు కొంత త్రిప్పుకొనవలెను.

త్రిప్పుకొనే విధము సులభమైనది. అన్నము ఒక్కసారే వడ్డించుకొని, తినుటకు ముందే దానిని చేతితో నాలుగు భాగములు చేసుకొనండి. ఒకటి పప్పుకు, ఒకటి సాంబారుకు, ఒకటి కూరకు, ఒకటి పెరుగుకు. చారును అన్నములో కలుపుకొనకుండ గిన్నెతో త్రాగవచ్చును. రుచికి లోటేమియు లేదు. వడ్డించే మనిషి రెండవ మారు అన్నపు బేసిన్ పట్టుకొని వచ్చినప్పుడు, మన సీమలో అలవాటైన మాటతోనే, "అన్నం చాలన్నా, ఇంకొంచెం పప్పు, కూర వెయ్యన్నా" అనండి. చాలామంది సర్వర్లు కాదనరు. కావలెనంటే కూర అదనపు గిన్నెకు కొంత రుసుము ఇచ్చినను అది వృథా కాదు. ముందుగా కూర, పప్పు కొంత తిని తరువాత అన్నము మొదలుపెట్టిన యెడల, రక్తములో చక్కెర ఒక్కసారిగా ఎగబ్రాకకుండ నిదానముగా పెరుగుతుందని పరిశోధనలలో తేలినది. మధుమేహము ఉన్నవారికి ఈ వరుస ముఖ్యము.

ఇచ్చిన డబ్బుకు న్యాయము జరగవలెననే ఆలోచన ఒకటి మనలో బలముగా ఉన్నది. ఫుల్ మీల్స్ అన్నప్పుడు ఎంత తింటే అంత లాభమని తోచుట సహజము. అందువలన మితముగా తినదలచినవారు ఫుల్ మీల్స్ కొనకుండుటే ఉత్తమము. ప్లేటు మీల్స్ ఉన్నచోట అది తీసుకొనవచ్చును. ఇద్దరు పెద్దలు, ఇద్దరు పిల్లలు ఉన్న కుటుంబము నలుగురికి నాలుగు బిర్యానీలు చెప్పనక్కరలేదు. రెండు చెప్పి, అదనముగా పెరుగు చట్నీ, ఉడికిన గ్రుడ్లు, ఒక కూర తెప్పించుకొని పంచుకొనిన యెడల తృప్తి తగ్గదు. విస్తరిలో విడిచిపెట్టుట అన్నపూర్ణకు అపచారమని మన పెద్దలు నేర్పినారు. ఆ మాటకు అర్థము పడినదంతా తినవలెనని కాదు, పడకముందే వద్దనవలెనని.

ఇక ధాన్యము మాట. నంద్యాల ప్రాంతపు నల్లరేగడి నేలలలో జొన్న, కొర్ర పూర్వము ముఖ్యమైన తిండిగింజలు. 19వ శతాబ్దములో కర్నూలు–కడప కాలువ వచ్చినది, వరి మడులు వచ్చినవి. 1983లో కిలో రెండు రూపాయల బియ్యము పేదల ఇండ్లకు చేరినది. ఆకలి తీరుట గొప్ప విషయము, దానిని తక్కువ చేసి మాట్లాడరాదు. అయితే వరి అన్నము తినుట గౌరవమనియు, జొన్న సంగటి తినుట లేమి అనియు ఒక భావము కూడ దానితోపాటు పాతుకొనిపోయినది. నంద్యాలలోనే 1906లో స్థాపింపబడిన వ్యవసాయ పరిశోధనా స్థానము ఉన్నది. సూర్యనంది వంటి కొర్ర రకములు, నంద్యాల తెల్ల జొన్న రకములు అక్కడివే. 2023ను ఐక్యరాజ్యసమితి చిరుధాన్యముల సంవత్సరముగా పాటించినది. ఇంత జరిగినను, ఆ పరిశోధనా క్షేత్రమునకు కూతవేటు దూరములోని హోటలులో మధ్యాహ్నము కొర్రన్నము అడిగిన యెడల సర్వరు వింతగా చూచే అవకాశమే ఎక్కువ!

సాయంకాలము జొన్నరొట్టె చేసి అమ్మేవారు మాత్రము వీధులలో కనబడుతున్నారు, ఇది సంతోషించదగినది. నూనె లేకుండ పెనము మీద కాలిన రొట్టె, దానితో ఆకుకూర పప్పు గాని వంకాయ కూర గాని ఉన్నచో రాత్రి భోజనమునకు అంతకంటె మేలైనది హోటలులో దొరకదని నా అభిప్రాయము. రొట్టెలో పీచు పదార్థము తెల్లని అన్నములో కంటె ఎక్కువ, నమలవలసి ఉంటుంది గనుక తినుట నిదానిస్తుంది.

రాగి సంగటిని గురించి ఒక హెచ్చరిక చేయవలసి ఉన్నది. రహదారి వెంట బోర్డుల మీద రాగి సంగటి, నాటుకోడి పులుసు అని వ్రాసి ఉండుట చూస్తున్నాము. రాగులలో సున్నపు ధాతువు, అనగా కాల్షియము, 100 గ్రాములకు సుమారు 350 మిల్లీగ్రాములు ఉన్నది. బియ్యములో ఉన్నది అందులో పిసరంత. ఈ కారణముగా రాగి శ్రేష్ఠమే. కాని సంగటిలో బియ్యము గాని నూకలు గాని కలిసి ఉంటవి, పిండి మెత్తగా ఉడికి ఉంటుంది. అది కూడ పిండిపదార్థమే. మధుమేహము ఉన్నవారు రాగి అనగానే మందు అని భావించి రెండు పెద్ద ముద్దలు తినుట, పైన తేలిన నూనెతో సహా పులుసు పోసుకొనుట మంచిది కాదు. ఒక ముద్ద, కొంత మాంసము, పైని నూనె ప్రక్కకు తీసిన పులుసు, దానికి తోడు ఒక ఆకుకూర. ఇది చక్కని భోజనము.

ఉదయపు ఫలహారములలో ఇడ్లీకి నేను ప్రథమ స్థానము ఇస్తాను. ఆవిరి మీద ఉడుకుతుంది, నూనె అక్కరలేదు. బియ్యములో కొరతగా ఉండే లైసిన్ అనే మాంసకృత్తుల అంశము మినపపప్పులో ఉన్నది; మినపపప్పులో కొరతగా ఉన్నది బియ్యములో ఉన్నది. రెండూ కలిసి రాత్రంతా పులిసినప్పుడు సులభముగా జీర్ణమయ్యే ఆహారము తయారవుతుంది. లోటు ఏమనగా, పీచు పదార్థము తక్కువ, నాలుగు ఇడ్లీలు తిన్నను పదకొండు గంటలకు మరల ఆకలి వేస్తుంది. కనుక మూడు ఇడ్లీలకు తోడు వేరుశనగ చట్నీ, ఒక ఉడికిన గ్రుడ్డు గాని ఒక అరటిపండు గాని ఉండవలెను. కొన్నిచోట్ల సాంబారులో పప్పు కంటె నీరే అధికముగా ఉంటుంది. దానిని బలమైన ఆహారమని లెక్కించరాదు. ఎర్ర కారపు దోశ మీద పుట్నాల పొడి చల్లుట మన ప్రాంతపు విశేషము, అది మంచిదే. పెనము మీద పోసే నూనె మాత్రము పోసే చేతిని బట్టి ఉంటుంది. "నూనె తక్కువ వెయ్యన్నా" అని దోశ పోయకముందే చెప్పవలెను, పోసిన తరువాత కాదు. పూరీ, మైసూరు బజ్జీ, వడ అనేవి వారమునకు ఒకనాటి ముచ్చట్లుగా ఉంచుకొనుట మంచిది.

ఉగ్గాని, మిరపకాయ బజ్జీ సంగతి కొంచెము విపులముగా చెప్పవలెను. ఇది మన కర్నూలు, నంద్యాల, అనంతపురముల సొంత ఫలహారము. కోస్తా వారు మరమరాలనే బొరుగులను నీటిలో తడిపి, పిండి, ఉల్లిపాయ, పచ్చిమిరప, పసుపుతో తిరగమోత వేసి, పుట్నాల పొడి, నిమ్మరసము కలుపుతారు. చూచుటకు పళ్ళెము నిండుగా ఉన్నను బొరుగులు తేలికైనవి గనుక అసలు తూకము తక్కువ. కాని బొరుగుల పిండిపదార్థము త్వరగా రక్తములోనికి చేరేది. దానిని నిదానింపజేసేవి రెండు: పుట్నాల పొడిలోని మాంసకృత్తులు, పీచు. కావున పొడి ధారాళముగా వేయుమని అడుగుట రుచి కొరకే కాదు, ఆరోగ్యము కొరకు కూడ. బజ్జీ లేని ఉగ్గాని ఉప్పు లేని పప్పు వంటిదని మనవారి వాదన. వాదించి గెలువజాలను. ఒక్క బజ్జీ తినండి, నాలుగు వద్దు. ఒక గ్రాము నూనెలో 9 కిలోకేలరీలు ఉన్నవి, పిండిలోనైనా పప్పులోనైనా 4 మాత్రమే. రోజు మొత్తమునకు చెప్పిన నూనె 27 గ్రాములు, అనగా సుమారు ఆరు చిన్న చెంచాలు. శనగపిండి పూత ఎంత మందముగా ఉంటే అంత నూనె పీల్చుకొంటుంది.

ఆ నూనె ఎన్నవసారి కాగినదనుట మరొక ప్రశ్న. మరల మరల కాచిన నూనెలో పోలార్ సంయోగములు అనే విచ్ఛిన్న పదార్థములు పెరుగుతవి. అవి 25 శాతమునకు మించిన నూనెను వాడరాదని 2018 జూలై 1 నుండి దేశమంతట నియమము అమలులో ఉన్నది. బజ్జీల బండి వద్ద నిలబడిన మనకు కొలిచే సాధనము లేదు. కన్ను, ముక్కు ఉన్నవి. మూకుడులోని నూనె నల్లబడి చిక్కబడి ఉన్నను, మీద విడవని నురుగు కట్టినను, తక్కువ మంటకే పొగ వస్తున్నను, గొంతు గరగరలాడే వాసన వచ్చినను అక్కడ నుండి తప్పుకొనండి. బజ్జీలు వార్తాపత్రిక కాగితములో చుట్టి ఇచ్చిన యెడల విస్తరాకు గాని అరటి ఆకు గాని అడగండి. అచ్చు సిరాలోని హానికర పదార్థములు వేడి నూనెకు కరిగి తిండిలోనికి చేరుతవి. వనస్పతి విషయములో కొంత మేలు జరిగినది. 2022 జనవరి నుండి నూనెలలో, క్రొవ్వులలో ట్రాన్స్ క్రొవ్వు 2 శాతము మించరాదని ఆహార భద్రతా సంస్థ కట్టడి చేసినది.

సాయంకాలపు బండ్ల మీది ఫ్రైడ్ రైసు, నూడిల్సు, మంచూరియా విషయములో జనులు ఎక్కువగా భయపడేది అజినొమోటోకు. నా దృష్టిలో ఆ భయము కొంత అతిశయోక్తి. అంతకంటె ఆలోచించవలసినవి అందులోని నూనె, సోయా సాసుతో వచ్చే ఉప్పు, ఎర్రని రంగు. 2024లో పొరుగున ఉన్న కర్ణాటక ప్రభుత్వము గోబి మంచూరియాలోను, తరువాత కబాబులలోను కృత్రిమపు రంగులు వాడరాదని నిషేధించినది. మంచూరియా ముక్క వ్రేలికి ఎర్రగా అంటిన యెడల పిల్లలకు పెట్టకండి. మరొక మాట: ఉదయము వండిన అన్నము వేడిలో పగలంతా అట్లే నిలువ ఉన్నచో అందులో ఒక రకపు సూక్ష్మజీవి విషమును పుట్టిస్తుంది. రాత్రి పెనము మీద మరల వేయించినను ఆ విషము నశించదు. వేసవిలో ఈ బండ్ల వద్ద తిని వాంతులు చేసుకొనేవారి విషయములో అనుమానింపదగిన కారణములలో ఇది ఒకటి.

ఉప్పు రోజుకు 5 గ్రాములకు, అనగా ఒక చిన్న చెంచాకు మించరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ సలహా. హోటలు విస్తరిలో ఊరగాయ, కారపు పొడి, అప్పడము, చారు, సాంబారు అన్నిటిలోను ఉప్పు ఉన్నది. రక్తపు పోటు ఉన్నవారు ఊరగాయను, అప్పడమును వడ్డించకముందే వద్దనుట, పెరుగులో ఉప్పు కలుపుకొనకుండుట చేయదగినవి. కారము ఎక్కువ ఉన్నచోట ఉప్పు, నూనె రెండూ ఎక్కువ పడుతవి. రుచుల సమతూకము కొరకు వంటవాడు ఆ విధముగా చేస్తాడు. కారము ప్రియమైన మన సీమలో ఇది గమనింపదగినది.

పానీయముల విషయములో క్లుప్తముగా చెబుతాను. 250 మిల్లీలీటర్ల శీతల పానీయములో సుమారు 25 గ్రాములు, అనగా ఐదు చెంచాల చక్కెర కరిగి ఉంటుంది. బిర్యానీ అరగడానికి ఇది త్రాగవలెనని ఒక నమ్మకము వ్యాపించినది, దానికి ఆధారము లేదు. పలుచని మజ్జిగ, చక్కెర లేని నిమ్మసోడా, మంచినీరు ఉన్నవి. చాయ్‌లో చక్కెర వేరుగా ఇమ్మని అడుగుట ఇప్పుడు ఎవరికీ విడ్డూరము కాదు.

పెద్ద నగరములలో కొన్ని హోటళ్ళ పట్టికలో పదార్థము ప్రక్కన కేలరీల అంకె వ్రాసి ఉండుట మీరు చూచి ఉండవచ్చును. పదీ అంతకు మించిన శాఖలు ఉన్న సంస్థలకు 2022 జూలై నుండి ఇది విధి. మన టిఫిన్ సెంటరుకు, మెస్సుకు ఇది వర్తించదు. అయితే ఆహార భద్రతా చట్టము క్రింద పొందిన లైసెన్సు గాని నమోదు పత్రము గాని, దాని మీది 14 అంకెల సంఖ్యతో, వచ్చినవారికి కనబడేటట్లు గోడకు ఉండవలెను. అది ఉన్నంత మాత్రాన వంట శుచిగా ఉన్నదని చెప్పలేము. చేతులు కడుగుకొనే చోట సబ్బు ఉన్నదా, తరిగిన ఉల్లిపాయల మీద ఈగలు ముసరుతున్నవా, ఇడ్లీ పాత్ర నుండి ఆవిరి వస్తున్నదా, ఇవి చూచుకొనుట మేలు. రద్దీగా ఉన్న హోటలులో పదార్థములు నిలువ ఉండవు గనుక ప్రయాణములలో అటువంటి చోటు తినుట కొంత క్షేమము.

పార్సెలు తెచ్చుకొనే అలవాటు పెరిగినది. పొగలు క్రక్కే సాంబారును పలుచని ప్లాస్టిక్ సంచిలో పోయించుకొనుట మంచిది కాదు. మన ఇండ్లలో అటకెక్కిన స్టీలు క్యారియరును దించి తీసుకొనిపోయిన యెడల యజమాని కూడ సంతోషిస్తాడు, అతనికి సంచుల ఖర్చు తగ్గుతుంది. ఆస్పత్రిలోని రోగికి తీసుకొనిపోయేటప్పుడు వైద్యుడు చెప్పిన పథ్యము ముందు అడిగి తెలుసుకొనవలెను. మూత్రపిండముల జబ్బు ఉన్నవారికి పప్పు, పండ్లు కూడ పరిమితము కావచ్చును. పైన చెప్పిన సలహాలు వారికి యథాతథముగా పనికిరావు.

మధుమేహమునకు ఇన్సులిన్ గాని, కొన్ని రకముల మాత్రలు గాని తీసుకొనేవారు ప్రయాణములో మరొక జాగ్రత్త పడవలెను. వీరి విషయములో తక్కువ తినుట ఎల్లప్పుడూ మేలు కాదు. ఉదయము మందు వేసుకొని, ఆళ్ళగడ్డలో హోటలు నచ్చలేదని తినక, ఎగువ అహోబిలము చేరి జ్వాలా నరసింహుని దర్శనమునకు కొండ ఎక్కిన యెడల రక్తములో చక్కెర ప్రమాదకరముగా పడిపోవచ్చును. చెమటలు పోయుట, చేతులు వణకుట, గుండె దడ, మాట తడబడుట దీని లక్షణములు. అప్పుడు వెంటనే మూడు చెంచాల చక్కెర గాని, గ్లూకోజు పొడి గాని నీటిలో కలిపి త్రాగించవలెను. అంతవరకు వద్దన్న శీతల పానీయము సగము గ్లాసుకు కొంచెము పైగా ఇచ్చినను అది ఆ క్షణమున మందే. స్పృహ తప్పినవారి నోటిలో మాత్రము ఏమియు పోయరాదు, వైద్య సహాయము పిలువవలెను. పదిహేను నిమిషములు కూర్చోబెట్టి, తగ్గకున్న మరల అంతే ఇచ్చి, తేరుకొనిన తరువాత నాలుగు ఇడ్లీలో, ఒక ప్లేటు పెరుగన్నమో తినిపించి, ఆ రోజుకు కొండ ఎక్కించక క్రిందికి తీసుకొనిరండి.